కొత్త డిజైన్ ఐడియా తట్టట్లేదా? ఎవరికి దెబ్బ తగులుతుందో ముందు వెతకండి

హైదరాబాద్ బాలానగర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పవర్ ప్రెస్‌కి సేఫ్టీ ఏర్పాటు చేసే పని నాకు అప్పజెప్పారు. పవర్ ప్రెస్ చూడనివాళ్ల కోసం చెప్తున్నా, కింద డై ఉంటుంది, దాని మీద రేకు పెడితే పైనుంచి పంచ్ దిగి ఆ ఆకారంలో కోసేస్తుంది, రేకు పెట్టిన చెయ్యి ఇంకా లోపలే ఉండగా పంచ్ దిగిందంటే వేళ్లు ఉండవు. నేను పుస్తకంలో ఉన్నట్టే చేశాను. రెండు బటన్లు దూరం దూరంగా పెట్టి, రెండు చేతులతో నొక్కితేనే పంచ్ దిగేలా వైరింగ్ చేయించాను. డ్రాయింగ్ మీద సంతకాలయ్యాయి, అందరూ బాగుందన్నారు. వారం తర్వాత వెళ్లి చూస్తే ఒక బటన్‌ని పాత సైకిల్ ట్యూబు ముక్కతో నొక్కిపెట్టి కట్టేసి ఉంది.

నాకు బాగా కోపం వచ్చింది. ఆపరేటర్ నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నెమ్మదిగా చెప్పాడు. "సార్, మాకు పీసు లెక్కన పైసలు. మీ బటన్లతోని పీసుకు రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. నెలంత కలిపితే ఇంటి కిరాయి కాడికి వస్తది."

ఒక బటన్ కట్టేస్తే మిషన్ అసలు నడవకుండా చేసే సర్క్యూట్లు ఉన్నాయి. మొదట నాకు వచ్చిన ఆలోచన అదే. అది పెడితే ఆయన వేళ్లు దక్కుతాయి, కిరాయి పోతుంది. వదిలేస్తే కిరాయి దక్కుతుంది, వేళ్లు ఏదో ఒకరోజు పోతాయి. ఆ రాత్రి ఒక కాగితం మీద "వేళ్లు పోకూడదు, కూలీ తగ్గకూడదు" అని రాసుకుని ఆ రెండింటినీ అలా చూస్తూ కూర్చున్నాను. అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న: చెయ్యి లోపలికి ఎందుకు వెళ్లాలి? ఒక వాలు రేకు చ్యూట్ పెడితే ముక్క తనంతట తానే జారి డై మీదకి వస్తుంది, అయిపోయిన ముక్క వెనక నుంచి పడిపోతుంది, ముందువైపు అంతా వేళ్లు దూరనంత సన్నని సందు వదిలి మూసేయొచ్చు. చేశాం. పీసుకు పట్టే టైమ్ మునుపటికంటే తగ్గింది. ఆ చ్యూట్ నా చదువులోంచి వచ్చింది కాదు, ఆయన మాటలోంచి వచ్చింది.

అప్పటినుంచి నేను డిజైన్ చేసే పద్ధతి మారిపోయింది. కాలేజీలో ఎథిక్స్ అంటే వేరే సబ్జెక్టు, పరీక్ష ముందురోజు చదివి మర్చిపోయేది. కంపెనీల్లో అయితే డిజైన్ అంతా అయ్యాక చివర్లో ఒక చెక్‌లిస్టు. రెండూ తప్పే అని నా గట్టి అభిప్రాయం. మంచిచెడ్డల ఆలోచన డిజైన్ మొదట్లోనే పెట్టుకుంటే అదే ఐడియాలు పుట్టిస్తుంది. ఎలా పెట్టుకోవాలో ఒక ప్రాజెక్ట్ మీద చూపిస్తాను. ఆదివారాలు నా దగ్గరికి ప్రాజెక్టుల కోసం పిల్లలు వస్తుంటారు, ఇది పోయినేడు వచ్చిన నలుగురిది. మెకానికల్ ఇద్దరు, ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్, ఇద్దరు. వాళ్ల టైటిల్ "సోలార్ స్మార్ట్ తోపుడు బండి". అందులో మోటారు, బ్యాటరీ, సోలార్ ప్యానెల్, జీపీఎస్, స్పీకర్, యాప్ అన్నీ ఉన్నాయి. కూరగాయల బండిని ఒక్కసారైనా తోసినవాళ్లు నలుగురిలో ఒక్కరూ లేరు.

మొదటి పని: సమస్యను వస్తువు పేరు లేకుండా రాయండి

మీ టైటిల్‌లో ఇప్పటికే జవాబు ఉందంటే మీరు ఆలోచించడం ఆపేసినట్టే. "సోలార్ బండి" అన్నాక ఇక సోలార్ ప్యానెల్ ఎంత సైజు అన్న ప్రశ్న తప్ప ఇంకేమీ మిగలదు. దాన్ని కొట్టేసి ఒకే వాక్యంలో ఈ నాలుగూ రాయండి: ఎవరు, ఎక్కడ, ఏం చేస్తుండగా, వాళ్లకి ఏం నష్టం అవుతోంది. మిషన్ పేరు, సెన్సార్ పేరు, యాప్ అన్న మాట ఏదీ ఉండకూడదు. ఈ పిల్లలు మొదట రాసింది "వీధి వ్యాపారులకు టెక్నాలజీ అందుబాటులో లేదు" అని. అది ఎవరి నష్టమూ కాదు. టెక్నాలజీ లేకపోవడం వల్ల బండి తోసే మనిషికి ఏమవుతోంది, నడుము నొప్పా, సరుకు వాడిపోవడమా, గిరాకీ పోవడమా? తెలియదన్నారు. తెలియకపోతే ఆ ఖాళీ అలాగే వదిలేయండి, ఊహించి నింపొద్దు, రెండో పనిలో అది నిండుతుంది.

ప్రశ్నను కొంచెం జరిపితే జవాబు ఎంత మారిపోతుందో మన ఊళ్లోనే ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్ కొట్టుకుపోయింది, వేలమంది చనిపోయారు. తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఊళ్లో నది పక్కన గోడలు ఎంత ఎత్తు కట్టాలి అన్న దగ్గరే ఆయన ఆగి ఉంటే గోడలే వచ్చేవి. నీళ్లు ఊరిదాకా రాకముందే పైన ఎక్కడ ఆపాలి అని ఆలోచించారు కాబట్టి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి, వరదను ఆపడానికి కట్టినవే తర్వాత తరాలకు తాగునీళ్లు కూడా ఇచ్చాయి.

రెండో పని: మనుషుల జాబితా, ఆ తర్వాత వాళ్ల దగ్గరికి నడక

వాడేవాళ్లను మాత్రమే రాస్తే సరిపోదు. నేను ఐదు వరసలు గీయిస్తాను. వాడేవాళ్లు, పక్కన ఉండేవాళ్లు, బాగుచేసేవాళ్లు, డబ్బు పెట్టేవాళ్లు, చివరికి దాన్ని విరగ్గొట్టి తుక్కు చేసేవాళ్లు. ఈ చివరి రెండు వరసలు ఎవరూ రాయరు. బండికి బ్యాటరీ పెడితే మూడేళ్లకి అది కబాడీ దుకాణంలో ఒక కుర్రాడి చేతికి వస్తుంది, సుత్తితో పగలగొడతాడు, లోపలి యాసిడ్, సీసం వాడి చేతుల మీద పడతాయి. ఆ కుర్రాడి వయసు కూడా జాబితాలో రాయండి. రాసిన మరుక్షణం బ్యాటరీ నిజంగా కావాలా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

తర్వాత వెళ్లి చూడాలి. నలుగురినీ పొద్దున్నే ఐదున్నరకి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. సరుకు ఎక్కించుకుని వెళ్తున్న ఒక పెద్దమ్మతో మాట్లాడి, ఆవిడ ఒప్పుకున్నాకే, ఆవిడ వెంట రెండు గంటలు నడిచాం. వీధిలో ఒక చడావు, అంటే ఎత్తుకి ఎక్కే దారి, వచ్చింది. ఈసీఈ అబ్బాయి మోటారు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ అంది, "ఎక్కిచ్చుడు ఎట్లనన్న ఎక్కిస్త బిడ్డా, ఎవరన్న ఒక చెయ్యేస్తరు. ఆపుడే తిప్పలు. కాంటా పట్టుకుంటే బండి ఎనకకు పోతది, బండి పట్టుకుంటే కాంటా పట్టరాదు." ఆవిడ బండి కింద గుడ్డతో కట్టి ఒక రాయి వేలాడుతోంది. ఆగినప్పుడల్లా వంగి ఆ రాయి తీసి చక్రం వెనక పెడుతుంది, బయల్దేరేటప్పుడు మళ్లీ వంగి తీస్తుంది. ఆ రెండు గంటల్లో ఎన్నిసార్లు వంగిందో మా టీమ్‌లోని అమ్మాయి లెక్కపెట్టింది, నలభై ఒకటి.

లెక్క కూడా చేసి చూసుకున్నాం. సరుకుతో కలిపి బండి 150 కేజీలు అనుకోండి. పది అడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు పెరిగే చడావు మీద దాన్ని జారకుండా పట్టుకోవాలంటే దాదాపు 15 కేజీల బరువును లాగిపట్టినంత బలం కావాలి, నిలబడ్డంతసేపూ కావాలి. ఒక చేత్తో అది పట్టుకుని ఇంకో చేత్తో టమాటాలు తూకం వెయ్యమని ఎవరినైనా అడగ్గలమా?

ఆ రోజు ఇంకో సంగతి బయటపడింది. బండి ఆవిడది కాదు, రోజు కిరాయికి తెచ్చుకుంటుంది. దీని గురించి తర్వాత చెప్తాను, డిజైన్ మొత్తాన్ని మార్చేసింది ఇదే.

మూడో పని: పోట్లాడుకునే రెండింటిని పక్కపక్కన పెట్టండి

నా వరకు అసలు పని ఇది, ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి.

మీ జాబితాలో ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి కీడు చేస్తుంది, లేదా ఒకే మనిషికి ఒకవైపు మేలు, ఇంకోవైపు కీడు. అలాంటి జంటలు వెతికి "ఇదీ కావాలి, అదీ కావాలి" అని రాయండి. "లేదా" అన్న మాట రాయొద్దు. సాధారణంగా మనం ఏం చేస్తామంటే సగం సగం చేసేస్తాం, కొంచెం సేఫ్టీ, కొంచెం ఖర్చు, మధ్యలో ఎక్కడో ఆపేసి దానికి ఆప్టిమైజేషన్ అని పేరు పెడతాం. కొన్నిసార్లు అదే చెయ్యాల్సి వస్తుంది, నేను కాదనను. కానీ మొదటిరోజే చేసేస్తే కొత్త ఐడియా పుట్టే చోటును మీరే మూసేసినట్టు.

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక సంగతి నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. 1953లో సముద్రం పొంగి అక్కడ 1800 మందికి పైగా చనిపోయారు. మళ్లీ అలా కాకూడదని సముద్రపు పాయలను ఆనకట్టలతో మూసేయడం మొదలుపెట్టారు. ఈస్టర్న్ షెల్ట్ అనే పాయ దగ్గరికి వచ్చేసరికి గొడవ అయింది. మూసేస్తే ఉప్పునీటి ఆటుపోట్లు ఆగిపోతాయి, ఆల్చిప్పలు పట్టి బతికేవాళ్ల బతుకు పోతుంది, పక్షులు, చేపలు పోతాయి. మూయకపోతే మళ్లీ జనం చస్తారు. ప్రాణాలు ముఖ్యమా, జీవనోపాధి, ప్రకృతి ముఖ్యమా అని ఓటు వేయించి ఉంటే ఏదో ఒకటి ఓడిపోయేది. చివరికి ఇంజనీర్లు మామూలు రోజుల్లో తెరిచే ఉండి, తుఫాను వచ్చినప్పుడు మాత్రమే దిగే 62 ఉక్కు గేట్లతో తొమ్మిది కిలోమీటర్ల అడ్డుకట్ట కట్టారు. 1986లో పూర్తయింది. ఖర్చు బాగా పెరిగింది, అది నిజమే, కానీ అలాంటి కట్టడం అంత పెద్దది అంతకుముందు లేదు, జాలర్లు గట్టిగా నిలబడకపోతే వచ్చేదీ కాదు.

మా బండి దగ్గర జంట ఇలా వచ్చింది. "చెయ్యి వదిలేసినా బండి ఆగి ఉండాలి" ఒకటి. పిల్లలు వెంటనే ఎయిర్‌పోర్ట్ ట్రాలీ బ్రేక్ చెప్పారు, హ్యాండిల్ నొక్కిపట్టుకుంటేనే కదులుతుంది, వదిలితే ఆగిపోతుంది. బాగుంది, బొమ్మ కూడా గీశారు. కానీ పెద్దమ్మకి మణికట్టు నొప్పి ఉంది, పొద్దుటినుంచి సాయంత్రం దాకా హ్యాండిల్ నొక్కిపట్టి ఉంచాలంటే ఆవిడ చేసేది నేను నా ప్రెస్ దగ్గర చూసిందే, ఒక గుడ్డ చుట్టి కట్టేస్తుంది. అందుకని రెండోది రాశాం: "చేతికి రోజంతా ఒక్క కేజీ బలం కూడా అదనంగా పడకూడదు."

రెండు వారాలు ఏమీ రాలేదు. రాని రోజుల్లో టెన్షన్ పడకండి, సగానికి ఒప్పేసుకోవద్దు కూడా. మూడో వారం మెకానికల్ అమ్మాయి సైకిల్ షాపులో కూర్చుని ఉండగా ఫ్రీవీల్ టక్ టక్ చప్పుడు విని ఫోన్ చేసింది. ముందుకు తిరిగితే ఊరుకుని, వెనక్కి తిరిగితే పట్టేసే పళ్లచక్రం. వెనక ఇరుసుకి ఒక పళ్లచక్రం, దాని మీద పడే ఒక ఇనుప నాలుక. చడావు మొదట్లో కాలితో ఒకసారి తంతే నాలుక దిగుతుంది, ఇక బండి ముందుకే పోతుంది, వెనక్కి జారదు, చేతికి పనే లేదు. మళ్లీ కాలితో తంతే నాలుక లేస్తుంది. దిగేటప్పటికి వేరే బ్రేక్ కావాలి, అది మామూలు లీవర్ బ్రేకే పెట్టారు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, చెడిపోతే ఏ సైకిల్ మెకానిక్ అయినా బాగుచేస్తాడు. ప్రాజెక్ట్ టైటిల్‌లోంచి "సోలార్" ఆ రోజే పోయింది.

నాలుగో పని: నాలుగు రకాల ప్రశ్నలతో నాలుగు సార్లు ఐడియాలు రాయండి

ఎథిక్స్ పుస్తకంలో ఫలితాలు, హక్కులు, న్యాయం, శ్రద్ధ అని పెద్ద పెద్ద విభాగాలు ఉంటాయి. వాటితో మంచి ఏదో చెడు ఏదో తేల్చమని అడుగుతారు. మీరు వాటిని ఐడియాల కోసం వాడండి. ఒక్కో ప్రశ్నకి ఇరవై నిమిషాలు, టీమ్‌లో ప్రతి ఒక్కరూ విడిగా, మాట్లాడకుండా రాయాలి. ఒక ప్రశ్న వేసుకున్నప్పుడు ఇంకో ప్రశ్న కలపొద్దు, కలిపితే అన్నీ ఒకేలాంటి ఐడియాలు వస్తాయి.

ఒకటి, అందరి మేలు కీడు కూడితే ఎలా పెరుగుతుంది? ఇది మనకి అలవాటైన లెక్కే కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క జాగ్రత్త, కూడికలో చిన్న చిన్న కీడులు మాయమైపోతాయి, వాటిని వేరే కాగితం మీద రాసిపెట్టండి.

రెండు, ఎంత లాభం వచ్చినా ఎవరిది ఏది తీసుకోకూడదు? స్పీకర్ గురించి ఇక్కడే తేలింది. రోజంతా అరిచి పెద్దమ్మ గొంతు పోతోంది, స్పీకర్ కావాల్సిందే. కానీ ఆ వీధిలో నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నవాళ్లు ఉంటారు, బాలింతలు ఉంటారు. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, ఆసుపత్రులు, స్కూళ్ల చుట్టూ 100 మీటర్ల లోపల 50. ఆవిడ గిరాకీ కోసం వాళ్ల నిద్ర తీసుకోకూడదు, వాళ్ల నిద్ర కోసం ఆవిడ గొంతు తీసుకోకూడదు. ఇంకొకరి గురించి మేమెవరం ఆలోచించలేదు, ఆ స్పీకర్‌కి అడుగు దూరంలో ఎనిమిది గంటలు నిలబడే మనిషి ఆవిడే, ముందు పోయేది ఆవిడ చెవులే. ఈ ముగ్గురినీ కలిపి పెట్టాక వచ్చిన డిజైన్ ఇది: ఆవిడ సొంత గొంతే రికార్డు చేసి, బటన్ నొక్కితే ఒక్కసారి నాలుగు సెకన్లు మోగి ఆగిపోయేలా, కోన్‌ని ఆవిడకి ఎదురు దిక్కుకి, పై అంతస్తుల వైపు వంచి పెట్టారు. దానంతటదే తిరిగి తిరిగి మోగే ఏర్పాటు తీసేశారు. ఆవిడ గొంతే ఎందుకంటే గిరాకీ గుర్తుపట్టేది ఆ గొంతునే అని ఆవిడే చెప్పింది.

మూడు, దీని వల్ల వచ్చే లాభం ఎవరి చేతికి పోతుంది? ఇప్పుడు కిరాయి సంగతి. బండికి మనం వెల్డింగ్ చేసి పెట్టిందంతా బండి ఓనర్‌ది అయిపోతుంది. మంచి బండి కదా అని కిరాయి పెంచుతాడు. మనం పెద్దమ్మకి మేలు చేద్దామని చేసిన పని చివరికి ఆవిడ జేబులోంచే తీస్తుంది. అందుకని ఏదీ వెల్డింగ్ చేయకూడదు అన్నారు పిల్లలు. యూ బోల్టులతో ఏ బండికైనా పది నిమిషాల్లో బిగించి, సాయంత్రం విప్పుకుని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లేలా చేశారు, అది ఆవిడ సొంతం. మెకానికల్‌గా చూస్తే ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం, ఎందుకంటే ప్రతి బండి ఇరుసు సైజు వేరు. చేసిన పనిలో అందరికీ బాగా నచ్చింది కూడా ఇదే. యజమాని ఎవరన్నది కూడా డిజైన్‌లో భాగమే అని మన హైదరాబాద్ జలమండలి చేసిన పనిలో కూడా కనిపిస్తుంది. 2017లో ఇరుకు సందుల్లోకి పోయి నీళ్ల ధారతో మురుగు కాలువలు శుభ్రం చేసే 70 మినీ జెట్టింగ్ మిషన్లు తెచ్చినప్పుడు దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి ఆ పథకం నడిపారు. మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగకూడదు అన్నది ఒకటి, ఆ పని మీద వచ్చే డబ్బు ఎవరికి పోవాలి అన్నది ఇంకొకటి.

నాలుగు, ఈ మనిషి మా అమ్మే అయితే? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది ఈ ప్రశ్నతోనే. పోచంపల్లి చీరకి ఆసు పోయడం అంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో వేల సార్లు అటూ ఇటూ తిప్పడం, ఒక్క చీరకి నాలుగైదు గంటలు. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజాలు పట్టేసేవి. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి 1992లో మొదలుపెట్టి 1999లో యంత్రం పూర్తిచేశారు, అదే పని గంటన్నరకి వచ్చింది, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఏడేళ్లు వదలకుండా పట్టుకోవడానికి ఆ భుజం నొప్పే కారణం. నిమ్స్‌లో జరిగింది కూడా ఇలాంటిదే, కలాం గారు చాలా ప్రసంగాల్లో చెప్పారు. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని ఒక ఎముకల డాక్టర్ చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని ఆసుపత్రికి తీసుకెళ్లి మూడు కేజీలకు పైగా ఉన్న క్యాలిపర్లు కాళ్లకి కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. పదార్థం అంతకుముందే ల్యాబ్‌లో ఉంది, ఆ పిల్లల్ని ఎవరూ చూడలేదు, అంతే తేడా.

ఐదో పని: నమూనా చేసి వాళ్ల చేతిలోనే పెట్టండి

మొదటి నమూనాకి వెయ్యి రూపాయలకంటే ఎక్కువ పెట్టొద్దు. అట్ట, చెక్క, పాత సైకిల్ భాగాలు చాలు. ఇనుప సామాను, బేరింగులు రాణిగంజ్‌లో, స్పీకర్, బటన్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఖరీదుగా చేస్తే అది మీకు ముద్దొస్తుంది, ఎవరైనా తప్పు చెప్తే వినబుద్ధి కాదు.

ఆవిడ టైమ్‌కి డబ్బు ఇవ్వండి. ఆ రోజు గిరాకీ పోతుంది కదా, అడిగి ఎంతో అంత ఇవ్వండి, జ్యూస్ తాగించి పంపేయొద్దు. ఫోటో తీసేముందు అడగండి, వద్దంటే చేతులు, చక్రాలు మాత్రమే తీయండి. పరీక్షించేటప్పుడు చడావు మీద సరుకుతో పెట్టొద్దు, ఇసుక బస్తాలతో ఖాళీ స్థలంలో మీరు ముందు చేసి, చక్రాల వెనక అడ్డం పెట్టి, అప్పుడు ఆవిడకి ఇవ్వండి. మా మొదటి నాలుక మూడోసారికే వంగిపోయింది, వెనక ఇటుకలు ఉన్నాయి కాబట్టి ఏమీ కాలేదు.

వాళ్లు తప్పుగా వాడినప్పుడు "అలా కాదు" అనకండి, చూడండి. వోల్వోలో నీల్స్ బోలిన్ 1959లో మూడు చోట్ల పట్టుకునే సీటు బెల్ట్ చేసినప్పుడు, దాన్ని ఒక్క చేత్తో పెట్టుకోగలిగేలా చేశారు. అంతకుముందు ఆయన విమానాల్లోంచి పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేసినవారు, పైలట్ ఎన్ని పట్టీలైనా కట్టుకుంటాడు, కారు ఎక్కేవాళ్లు కట్టుకోరు. కట్టుకోనివాళ్లను తిట్టకుండా కట్టుకోవడం తేలిక చేశారు. మీ డిజైన్‌లో సురక్షితమైన దారే సులువైన దారి అయ్యేదాకా పని అవ్వలేదని అర్థం.

ఆరో పని: ఒక సాయంత్రం చెడ్డగా ఆలోచించండి

టీమ్‌లో ఒకరు కిరాయి ఓనర్, ఒకరు వడ్డీ వ్యాపారి, ఒకరు తాగి వచ్చిన మనిషి, ఒకరు ఆడుకునే పిల్లాడు. మీ వస్తువుతో ఎంత చెడు చెయ్యగలరో రాయండి. జీపీఎస్ ఇక్కడే పోయింది. బండి ఎక్కడుందో గిరాకీకి తెలుస్తుంది అని పెట్టారు, కానీ అప్పిచ్చినవాడికి కూడా తెలుస్తుంది, ఆవిడ ఏ పూట ఎక్కడ ఎంతసేపు ఆగిందో అన్నీ తెలుస్తాయి. ఈసీఈ పిల్లలకి బాధ కలిగింది, ఎందుకంటే వాళ్ల భాగమే పోయింది. తీసేసి ఊరుకోకుండా గిరాకీకి తెలియడం ఎలా అని మళ్లీ అడిగితే, ఆవిడ ఇష్టమైనప్పుడు బటన్ నొక్కితే ఆ వీధివాళ్లకి మాత్రమే "వచ్చాను" అని మెసేజ్ వెళ్లేలా చేశారు, ఎక్కడికి వెళ్లిందన్నది ఎక్కడా దాచిపెట్టరు. పిల్లాడు రాసింది కూడా పనికొచ్చింది, పళ్లచక్రంలో వేలు పెడతాను అన్నాడు, దానికి రేకు మూత వచ్చింది.

ఏడో పని: వదులుకున్నవి రాసిపెట్టండి

ఏది ఎంచుకున్నారో అందరూ రాస్తారు. ఏది వదిలేశారు, దాని వల్ల ఎవరికి ఏం తగ్గింది, ఎవరిని అడిగారు, తేదీ ఎంత, ఇవి రాయండి. ఒక్క పేజీ చాలు. మా పిల్లలు "దిగేటప్పటి బ్రేక్‌కి ఇంకా చేతి బలం కావాలి, మణికట్టు నొప్పి సమస్య సగమే తీరింది" అని రాశారు. వైవాలో ఆ వాక్యం గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి, వాళ్లు బాగా చెప్పారు, ఎందుకంటే దాచడానికి ఏమీ లేదు.

గైడ్ లేదా మేనేజర్ ఒప్పుకోకపోతే? "ఇది అన్యాయం సార్" అని మొదలుపెడితే ఎదుటి మనిషి వెంటనే తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. జంటను చూపించండి. "సార్, ఇదీ కావాలి, అదీ కావాలి, మనం ఇప్పుడు ఒకటే ఇస్తున్నాం, రెండూ ఇచ్చే దారి ఒకటి దొరికింది, వారం టైమ్ ఇవ్వండి" అనండి, నమూనా చేతిలో పట్టుకుని వెళ్లండి. అయినా ఒప్పుకోకపోతే, ఒకరి ఒంటికి దెబ్బ తగిలే విషయమైతే మాత్రం రాతపూర్వకంగా చెప్పండి, మెయిల్ కాపీ ఉంచుకోండి. ఉద్యోగం కొత్తదైతే భయం వేస్తుంది, నాకూ వేసింది. అయినా రాయండి.

ఈ ఆదివారం మొదలుపెట్టేవాళ్లు సంచిలో ఇవి వేసుకోండి: నోట్‌బుక్, కొలత టేపు, గట్టి తాడు, వేలాడే డిజిటల్ కాంటా ఒకటి. తాడు కట్టి కాంటాతో లాగితే బండికి ఎన్ని కేజీల బలం కావాలో అక్కడికక్కడే తెలుస్తుంది. మీ ప్రాజెక్ట్ బండి మీద కాకపోతే బస్టాప్‌కో, రైతుబజార్‌కో, ఆసుపత్రి ఓపీ వరండాకో వెళ్లండి, జనం పని మొదలయ్యే టైమ్‌కి అక్కడ ఉండండి. మొదటి గంట సంచి తెరవొద్దు. ఎవరైనా ఒక చెయ్యెయ్యమని అడిగితే ముందు ఆ చెయ్యి వెయ్యండి.